అచ్చు పెట్టె నుండి యూనికోడ్ దాకా: తెలుగు గ్రంథసూచిక నడిచిన దారి

ఒక గ్రంథం వెయ్యి పుటలు దాటిన తరువాత దానిని చదివేవారి కంటె అందులో వెదికేవారి సంఖ్యే ఎక్కువగా ఉంటుంది. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం, వైద్య గ్రంథం, చట్టాల సంకలనం, ఇంజనీరింగు పాఠ్యగ్రంథం వంటివాటిని మొదటి పుట నుండి చివరి పుట దాకా వరుసగా చదివే పాఠకుడు అరుదు. అవసరమైన ఒక్క మాట కోసం, ఒక్క సూత్రం కోసం ఆ గ్రంథాన్ని తెరుస్తారు. ఆ మాట ఏ పుటలో ఉన్నదో చెప్పే పదసూచిక చివర లేకపోతే ఎంతటి పాండిత్యం నిండిన గ్రంథమైనా తాళం వేసిన బీరువా వంటిదే.

ఈ సత్యాన్ని మన పూర్వులు చాలా ముందుగానే గుర్తించారు. అచ్చుయంత్రం మాట అటుంచి, వ్రాత సైతం విరివిగా లేని కాలంలో వేదసూక్తాలకు అనుక్రమణికలు వెలిశాయి. కాత్యాయనుని పేర ప్రసిద్ధమైన సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికి ఋషిని, దేవతను, ఛందస్సును పేర్కొంటుంది. పుటల సంఖ్యలు లేని కాలపు సూచిక అది. తరువాతి కాలంలో తెలుగు కావ్యాల అచ్చు ప్రతుల చివర పద్యాల అకారాది పట్టికలు చేరాయి. శాస్త్రగ్రంథాలకు విషయసూచికలు, పదసూచికలు, పారిభాషిక పదపట్టికలు ఏర్పడ్డాయి. చీటీల మీద మొదలైన ఈ పని సీసపు అక్షరాల కాలాన్ని దాటి కంప్యూటరు తెర మీదకు చేరుకున్నది. ఈ ప్రయాణంలో తెలుగుకు ఒక విచిత్రమైన కష్టం ఎదురైంది. దాని ఫలితాన్ని తెలుగు ప్రచురణకర్తలు, గ్రంథాలయాలు, పాఠశాలలు నేటికీ అనుభవిస్తున్నాయి.

మూడు భాషల కూడలి

ఈ చరిత్రను పరిశీలించడానికి ముద్ఖేడ్ ఒక అనువైన మజిలీ. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాకు చెందిన ఈ తాలూకా కేంద్రం సికింద్రాబాదు నుండి మన్మాడుకు పోయే రైలుమార్గంలో ఒక జంక్షను. భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్‌ల మీదుగా ఆదిలాబాదుకు పోయే మార్గం ఇక్కడే చీలుతుంది. 1956 నవంబరు 1వ తేదీన మరాఠ్వాడా ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో విలీనమయ్యేంత వరకు ఈ ఊరు హైదరాబాదు సంస్థానంలోనిది, తరువాత ఆ రాష్ట్రంలోనిది. ఇంటిలో తెలుగో మరాఠీయో, కచేరీలో ఉర్దూ, సంతలో మూడూ కలిసి వినిపించిన నేల ఇది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ పరిసరాలలో తెలుగు పలుకు నేటికీ వాడుకలో ఉన్నది.

ఇటువంటి బహుభాషా ప్రాంతంలో శాస్త్రగ్రంథాలను ఒక భాష నుండి మరొక భాషకు తేవడం పాలనావసరం కూడా అయింది. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అంతకు ఒక సంవత్సరం ముందే, 1917లో, అనువాద విభాగం ఏర్పడింది. గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, న్యాయం వంటి విషయాలలోని గ్రంథాలను ఉర్దూలోకి మార్చడానికి ముందుగా పరిభాషను స్థిరపరచవలసి వచ్చింది. దీర్ఘమైన శాస్త్రగ్రంథానికి పదపట్టిక ఎంత ముఖ్యమో ఆ అనుభవమే చాటింది.

ముద్ఖేడ్ మీదుగా పోయే రైలుమార్గం నేర్పే పాఠం మరొకటి ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో గోదావరీ లోయ మార్గంగా ఏర్పడిన ఈ దారి మీటరు గేజిది. పశ్చిమాన మన్మాడులో అది బ్రాడ్‌గేజిని కలిసేది. అక్కడికి చేరిన సరకును ఒక బండి నుండి దించి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. సరకు అదే, గమ్యం అదే. పట్టాల వెడల్పు వేరు కావడం వల్ల ఎంతో శ్రమ, కాలహరణం, నష్టం సంభవించేవి. 1992లో ఆరంభమైన యూనిగేజ్ పథకం ఈ భేదాన్ని తొలగించడానికి ఉద్దేశించినదే. కంప్యూటరులో తెలుగు అక్షరం కూడ సరిగ్గా ఆ సంవత్సరాలలోనే వేరు వేరు గేజిల పట్టాల మీద నడవడం మొదలుపెట్టింది. వాటిలో ముఖ్యమైన కొన్ని పట్టాలు మహారాష్ట్రలోని పూణేలో వేసినవి కాగా, బండ్లు ఎక్కువగా నడిచింది హైదరాబాదు, విజయవాడల ముద్రణాలయాలలో.

సీసపు అక్షరాలు, కాగితపు చీటీలు

1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను అచ్చు వేయించాడు. అప్పటి నుండి సుమారు రెండు శతాబ్దాలకు పైగా తెలుగు ముద్రణ అంటే చేతితో అక్షరాలు కూర్చడమే. గుణింతాలు, వత్తులు, జంటలు కలిసి తెలుగు అచ్చు పెట్టెలో వందలకొలది గళ్ళు ఉండేవి. కంపోజిటరు ఒక్కొక్క అక్షరాన్ని ఏరి స్టిక్కులో పేర్చి, గాలీలో చేర్చి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం బిగించేవాడు.

పుటలు ఖాయమైన తరువాతే పదసూచిక పని ఆరంభమయ్యేది. పండితుడు పేజీ ప్రూఫులను ముందు పెట్టుకొని ముఖ్యమైన ప్రతి పదాన్ని ఒక చీటీ మీద వ్రాసి పక్కన పుటసంఖ్య వేసేవాడు. వేల చీటీలు పోగైన తరువాత వాటిని అకారాది క్రమంలో పేర్చి, ఒకే పదానికి చెందిన చీటీలను కలిపి, ఒక పేరుకు బదులు మరొక పేరు వెదకవలసిన చోట ‘చూ.’ అని గుర్తు పెట్టి శుద్ధప్రతి తయారు చేసేవాడు. మధ్యలో ఒక్క పేరా ఎక్కువై పుట మారిందంటే ఆ తరువాతి సంఖ్యలన్నీ దిద్దవలసిందే. అందుచేతనే పూర్వపు తెలుగు శాస్త్రగ్రంథాలు పలువాటిలో విషయసూచిక ఉన్నా పదసూచిక కనిపించదు. ఉన్న చోట మాత్రం దాని వెనుక ఒక మనిషి నెలల తరబడి పడిన శ్రమ ఉన్నది.

అకారాది క్రమం కూడ వినడానికి సులభమే గాని నిర్ణయించడానికి అంత సులభం కాదు. బడిలో నేర్పే వర్ణమాలలో ళ, క్ష, ఱ చివర వస్తాయి. నిఘంటువులో ‘క్ష’ను క-కారం కిందనే వెదకాలి. సున్నను అచ్చుల చివర ఉంచాలా, అన్నిటి కంటె ముందు ఉంచాలా అన్నది మరొక ప్రశ్న. ‘క్రమము’ వంటి సంయుక్తాక్షర పదాలు ‘కౌ’ తరువాత రావడం నిఘంటువుల సంప్రదాయం. 1852లో వెలువడిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇటువంటి ప్రశ్నలకు అడుగడుగునా జవాబు చెప్పుకొంటూ నిర్మితమైనవే.

తెలుగునకు, మరాఠీకి ఈ రంగంలో ఉన్న బాంధవ్యాన్ని ఇక్కడ ప్రస్తావించడం సముచితం. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877-1923) నాగపూరులో చదివి మరాఠీలోనూ రచనలు చేసినవారు. 1906లో హైదరాబాదులో వెలసిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ఆయన ప్రాణం పోశారు. ఆపై ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టారు. అకారాదిగా సాగిన ఆ మహాప్రయత్నంలో మూడు సంపుటాలు పూర్తి అయ్యేసరికి వర్ణమాలలో తొలి మెట్లే గడిచాయి. ఆయన ఆయుర్దాయం అంతటితో ముగిసింది. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మరల చేపట్టారు. ఇంచుమించు ఆ కాలంలోనే శ్రీధర వేంకటేశ కేత్కర్ మహారాష్ట్రీయ జ్ఞానకోశాన్ని 23 సంపుటాలుగా నిర్మించారు. అందులో ఒక సంపుటం పూర్తిగా సూచీఖండమే. ఒక సంపుటమంతా సూచికకు కేటాయించడంలోని వివేకాన్ని దీర్ఘగ్రంథాలతో పరిచయమున్న వారు వెంటనే గ్రహిస్తారు. అకారాది వరుసలో పేర్చినంత మాత్రాన విజ్ఞాన సర్వస్వానికి సూచిక అనవసరమైపోదు. ‘గోదావరి’ అనే శీర్షిక ఒకచోటనే ఉన్నా, గోదావరి ప్రస్తావన నూరు వ్యాసాలలో రావచ్చు. ఆ నూరు చోట్లను చూపేది సూచికే.

స్వాతంత్ర్యానంతరం తెలుగు భాషాసమితి విజ్ఞాన సర్వస్వాన్ని విషయాల వారీగా సంపుటాలుగా వెలువరించింది. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. తెలుగులో దీర్ఘమైన సాంకేతిక గ్రంథాల ముద్రణ ఒక నిత్యకృత్యంగా మారినది ఆ కాలంలోనే. సరిగ్గా ఆ దశలో కంప్యూటరు ప్రవేశించింది.

పూణే నుండి రెండు దారులు

భారతీయ లిపులను కంప్యూటరుకు నేర్పే ప్రయత్నాలు 1980 దశకంలో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఊపందుకున్నాయి. 1988లో పూణే కేంద్రంగా స్థాపితమైన సి-డాక్ సంస్థ ఆ కృషిని ‘జిస్ట్’ అనే పేరుతో ముందుకు తీసుకొనిపోయింది. దాని ఫలితంగా రూపొందిన ‘ఇస్కీ’ సంకేత పద్ధతిని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194గా ఆమోదించింది.

ఇస్కీలోని మూలసూత్రం అత్యంత శాస్త్రీయమైనది. బ్రాహ్మీ లిపి నుండి పుట్టిన లిపులన్నిటికీ వర్ణక్రమం ఒకటే గనుక దేవనాగరి ‘క’కు, తెలుగు ‘క’కు, కన్నడ ‘క’కు ఒకే సంకేతం ఇచ్చారు. కంప్యూటరు దాచుకొనేది అక్షరపు ధ్వనిని. తెర మీద ఏ లిపిలో చూపించాలన్నది తరువాతి సంగతి. మరాఠీలో టైపు చేసిన ఒక పేరును లిపి మార్చినంత మాత్రాన తెలుగులో చూడవచ్చును. ముద్ఖేడ్ వంటి బహుభాషా ప్రాంతపు కచేరీలకు ఇంతకంటె అనువైన పద్ధతి ఏముంటుంది? సంకేతాల వరుస వర్ణమాల వరుసను అనుసరించింది గనుక అకారాది క్రమంలో పేర్చడం కూడ యంత్రానికి సుసాధ్యం.

అయితే ముద్రణాలయాలకు కావలసింది వేరు. అమెరికాలో 1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. లేజర్ ప్రింటరు, పోస్ట్‌స్క్రిప్టు భాష, పేజ్‌మేకర్ మూడూ కలిసి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే కొత్త వృత్తికి జన్మనిచ్చాయి. 1990లో వచ్చిన పేజ్‌మేకర్ 4వ వెర్షన్ దీర్ఘగ్రంథాలకు అవసరమైన సదుపాయాలను చేర్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబి సంస్థ తనలో కలుపుకొన్నది. ఆ సాఫ్టువేరుకు అక్షరమంటే ఇంగ్లీషు అక్షరమే. ఒక ఫాంటులో అది గుర్తించగలిగినవి రెండు వందల పైచిలుకు స్థానాలు మాత్రమే. వందలకొలది రూపాలు గల తెలుగు అందులో ఎలా ఇమడగలదు?

దీనికి సాఫ్టువేరు నిర్మాతలు కనుగొన్న ఉపాయం చమత్కారమైనది. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, ఒక్కొక్క వత్తు వేరు వేరు ముక్కలు. ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో కూర్చారు. పేజ్‌మేకర్ తాను ఇంగ్లీషు అక్షరాలను పేరుస్తున్నాననే భావిస్తుంది. కాగితం మీద మాత్రం తెలుగు ముచ్చటగా కనిపిస్తుంది. పూణేకు చెందిన మాడ్యులర్ సంస్థ శ్రీలిపి, హైదరాబాదులో రూపొందిన అను ఫాంట్లు ఈ మార్గంలోనే విశేష ప్రచారం పొందాయి. సి-డాక్ సైతం దాచుకోవడానికి ఇస్కీని, ముద్రణకు ‘ఇస్‌ఫాక్’ అనే ఫాంటు సంకేతాలను వేరు వేరుగా ఉంచింది. ధ్వనిని దాచే పద్ధతి, ఆకారాన్ని దాచే పద్ధతి అని రెండు దారులు ఆ విధంగా ఏర్పడ్డాయి. ముద్రణాలయాలు రెండవ దారినే ఎంచుకున్నాయి. ఆనాటి అవసరానికి అది తగిన నిర్ణయమే. 1990 దశకంలో తెలుగునాట ప్రతి పట్టణంలో వెలసిన డి.టి.పి. సెంటర్లు ఎందరికో ఉపాధి కల్పించాయి. పెళ్ళిపత్రిక మొదలు పరిశోధన గ్రంథం దాకా ట్రేసింగు కాగితం మీద అందంగా తయారై ఆఫ్‌సెట్ యంత్రానికి చేరాయి. పుస్తక ప్రచురణ చిన్న సంస్థలకు, పాఠశాలలకు సైతం అందుబాటులోకి వచ్చింది.

సూచిక దగ్గర తగిలిన దెబ్బ

ఆకారాన్ని దాచే పద్ధతిలోని లోపం పుస్తకం చూచినప్పుడు కనిపించదు. సూచిక తయారు చేసేటప్పుడు కనిపిస్తుంది.

పేజ్‌మేకర్‌లో పదసూచిక చేసే విధానం ఈ విధంగా ఉండేది. పాఠంలో ఒక పదాన్ని గుర్తించి సూచికలో చేర్చమని ఆజ్ఞ ఇవ్వాలి. ఆ చోట కంటికి కనిపించని ఒక గుర్తు నాటుకుంటుంది. పుటలు ఎంత కదిలినా గుర్తు పాఠంతో పాటే కదులుతుంది. గ్రంథంలోని అధ్యాయాలు వేరు వేరు ఫైళ్ళలో ఉన్నా వాటిని ఒక పుస్తకంగా జతపరచి, చివరలో ఒక్క ఆజ్ఞతో సూచిక మొత్తాన్ని అకారాదిగా, పుటసంఖ్యలతో సహా తయారు చేయించవచ్చు. చీటీల కాలంలో నెలలు పట్టిన పని నిమిషాలలో ముగుస్తుంది.

ఇది ఇంగ్లీషు గ్రంథాల సంగతి. తెలుగు గ్రంథంలో అదే ఆజ్ఞ ఇస్తే యంత్రం తనకు తెలిసిన ఇంగ్లీషు సంకేతాల వరుసలోనే పదాలను పేర్చేది. ‘క’ ముక్క ఏ ఇంగ్లీషు గుర్తు స్థానంలో ఉన్నదో, ‘అ’ ఏ స్థానంలో ఉన్నదో, దానిని బట్టి వరుస ఏర్పడేది. పదాన్ని నమోదు చేసే గడిలో తెలుగు ఫాంటు పనిచేయదు గనుక అక్కడ తెలుగు పదానికి బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించేది. ఏ పదాన్ని నమోదు చేస్తున్నదీ ఆపరేటరుకే తెలియని స్థితి. ఆ పక్కనే ‘ఈ పదాన్ని ఫలానా మాటగా భావించి వరుసలో చేర్చు’ అని చెప్పడానికి మరొక గడి ఉండేది. ప్రతి తెలుగు పదానికి అందులో ఒక సంఖ్యనో ఇంగ్లీషు లిప్యంతరీకరణనో కొడితే వరుస సరిచేయవచ్చును. రెండు మూడు వేల పదాల సూచికకు అంత ఓపిక పట్టగలవారు ఎందరు? కొందరు ఆ మార్గం అనుసరించారు. చాలామంది మరల కాగితపు చీటీలనే ఆశ్రయించారు. మరి కొందరు సూచికనే విడిచిపెట్టారు. ముద్రణ సులభమైన కాలంలో ఎన్నో తెలుగు శాస్త్రగ్రంథాలు పదసూచిక లేకుండా వెలువడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఒక సంస్థ ఫాంటు సంకేతాలు మరొక సంస్థకు సరిపడకపోవడం మరొక ఇబ్బంది. ఒకే సంస్థ రెండు వెర్షన్ల నడుమ సైతం భేదాలు ఉండేవి. ఒక డి.టి.పి. సెంటరులో కూర్చిన గ్రంథాన్ని రెండవ ముద్రణ నాటికి మరొకచోట తెరిస్తే అక్షరాలు తారుమారయ్యేవి. మన్మాడులో సరకు దించి ఎక్కించినట్లే, ఇక్కడా మార్పిడి తప్పనిసరి అయింది.

మార్పిడిలోని మర్మాలు

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్ తెలుగునకు ప్రత్యేక స్థానాలు కేటాయించింది. ఇస్కీ వలెనే ఇది ధ్వనిని దాచే పద్ధతి. పదేళ్ళ తరువాత, 2001లో, విండోస్ ఎక్స్‌పి గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చినప్పుడు సామాన్యుని కంప్యూటరులో యూనికోడ్ తెలుగు కనిపించసాగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. ఇక పాత ఫాంట్లలో ఉన్న గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చడమనే పని ముందుకు వచ్చింది. వార్తాపత్రికల వెబ్‌సైట్లలోని ఫాంటు తెలుగును యూనికోడ్‌గా చూపే ‘పద్మ’ వంటి సాధనాలు, పలు మార్పిడి ప్రోగ్రాములు ఔత్సాహికుల స్వచ్ఛంద కృషి వల్ల వెలువడ్డాయి.

ఈ మార్పిడి ఒక ముక్కకు ఒక అక్షరం చొప్పున పట్టిక వేసుకుంటే ముగిసే పని కాదు. ‘స్త్రీ’ అనే మాటను బడిపిల్లవాడు వ్రాసే తీరు గమనించండి. ముందు స, దానిపై గుడిదీర్ఘం, తరువాత త-వత్తు, ర-వత్తు. పాత ఫాంటు దాచుకొన్నది ఈ వ్రాత వరుసనే. పలికే వరుస వేరు: స, త, ర, చివర ఈ-కారం. యూనికోడ్ దాచేది పలికే వరుస. అందుచేత మార్పిడి చేసే ప్రోగ్రాము గుడిదీర్ఘాన్ని పట్టి ఉంచి, వత్తులన్నీ వచ్చేంత వరకు ఆగి, అప్పుడు చివర చేర్చాలి. ర-వత్తును అక్షరానికి ఎడమ వైపున, ముందుగానే వేసే అచ్చు సంప్రదాయం కూడ ఉన్నది. అక్కడ వత్తును వెనుకకు జరపాలి.

అంతకంటె సూక్ష్మమైనది ఆకారసామ్యం. ‘మె’ అనే అక్షరం చూడడానికి ‘వె’కు కొమ్ము తగిలించినట్లే ఉంటుంది. పాత పద్ధతిలో ఆ రెండు ముక్కలతోనే దానిని కూర్చడం కద్దు. ఆ ముక్కలను యథాతథంగా మారిస్తే ‘మెరుపు’ అనే మాట యంత్రంలో వె, కొమ్ము, రు, పుగా నిలిచిపోతుంది. ‘యొక్క’లోని మొదటి అక్షరం య, ఎత్వం, కొమ్ము అనే మూడు ముక్కలుగా మిగిలిపోవడం నేటికీ సర్వసాధారణం. కంటికి తేడా తెలియదు. వెదికినప్పుడు మాత్రం ఆ మాట దొరకదు. సూచికలో అది వేరొక పదంగా, వేరొక చోట చేరుతుంది. ప్రూఫు దిద్దేవారి కన్ను పట్టలేని తప్పు ఇదొక్కటే కావచ్చు.

సాంకేతిక గ్రంథాలలో చిక్కులు మరింత అధికం. ఒకే వాక్యంలో తెలుగు మాట, ఇంగ్లీషు సంక్షేపం, గణిత చిహ్నం, రసాయన సూత్రం వరుసగా వస్తాయి. ఏ ముక్క తెలుగు ఫాంటుదో, ఏది నిజంగా ఇంగ్లీషుదో ఫాంటు పేరును బట్టి మాత్రమే తెలుస్తుంది. ఫాంటు సమాచారం వదలి వట్టి పాఠాన్ని మాత్రమే తీసుకుంటే సూత్రాలు సైతం అర్థంలేని తెలుగుగా మారిపోతాయి. పట్టికలు, అధోజ్ఞాపికలు చెదిరిపోతాయి. కొత్త ఫాంటు వెడల్పు వేరు గనుక పుటలన్నీ కదులుతాయి. పాత సూచికలోని పుటసంఖ్యలు అన్నీ చెల్లవు. సూచిక కోసం పాఠంలో నాటిన గుర్తులలోని పదాలు కూడ పాత సంకేతాలలోనే ఉంటాయి గనుక వాటినీ మార్చాలి. కాబట్టి దీర్ఘగ్రంథాన్ని మార్చేటప్పుడు పాఠం, శైలి, సూచిక గుర్తులు మూడింటినీ కలిపి మార్చడం, ఆ తరువాత సూచికను కొత్తగా పుట్టించడం సరైన పద్ధతి.

ముద్రణ సాఫ్టువేరు యూనికోడ్ తెలుగును అందుకోవడానికి మరికొంత కాలం పట్టింది. అడోబి 1999లో ఇన్‌డిజైన్‌ను విడుదల చేసినా, తెలుగుతో సహా భారతీయ లిపులను అది సక్రమంగా కూర్చగలిగింది 2012 నాటి సి.ఎస్. 6 వెర్షన్‌తోనే. అదే సంవత్సరం డిసెంబరులో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆనాటికి ఉచితమైన యూనికోడ్ ఫాంట్లు పలు రకాలవి తెలుగువారికి అందుబాటులోకి వచ్చాయి. ఒక తలుపు తెరుచుకున్న సమయంలోనే మరొక తలుపు మూసుకున్నది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. దాని ఫైళ్ళను తెరవగల శక్తి ఇన్‌డిజైన్ సి.ఎస్. 6తో ముగిసింది. 2013 నుండి వచ్చిన వెర్షన్లు వాటిని తెరవవు.

మూడు జూబిలీ సంచికలు

డెబ్బయి అయిదేళ్ళు నిండిన ఏ తెలుగు పాఠశాల చరిత్రలోనైనా ఈ దశలన్నీ ప్రతిఫలిస్తాయి. 1950 ప్రాంతంలో వెలసిన పాఠశాల తన రజతోత్సవ సంచికను 1975 నాటికి సీసపు అక్షరాలతో అచ్చు వేయించి ఉంటుంది. స్వర్ణోత్సవ సంచిక 2000 ప్రాంతంలో పేజ్‌మేకర్‌లో రూపొంది ఉంటుంది. వజ్రోత్సవాన్ని దాటి ప్లాటినం జూబిలీ నాటికి యూనికోడ్ అందుబాటులో ఉన్నది.

ఈ మూడింటిలో ఏది ఎక్కువ ప్రమాదంలో ఉన్నది? పాతదే అని తోచడం సహజం. వాస్తవం వేరు. 1885 నాటి శబ్దరత్నాకరంలోని ఏ పదాన్నైనా నేడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో క్షణంలో వెదకి చూడవచ్చును. సీసంతో అచ్చయిన సంచిక కాగితం మీద ఉన్నది గనుక స్కాను చేసి, అక్షరాలను గుర్తించే సాఫ్టువేరుతో యూనికోడ్ పాఠంగా మార్చి, తప్పులు దిద్దుకోవచ్చును. స్వర్ణోత్సవ సంచిక విషయంలో ‘అది కంప్యూటరులో ఉన్నదిలే’ అనే ధీమా వల్ల కాగితపు ప్రతులను జాగ్రత్త చేయడంలో అలసత్వం కలుగుతుంది. ఆ కంప్యూటరు పోయి ఉంటుంది. ఫ్లాపీ చెడి ఉంటుంది. సి.డి. తెరుచుకున్నా ఫైలును చదివే సాఫ్టువేరు ఉండదు. పి.డి.ఎఫ్. మిగిలి ఉన్నా అందులోని తెలుగును నకలు తీస్తే ఇంగ్లీషు గుర్తుల గుంపు వస్తుంది. ఆ సంచికలో పేర్లు ఉన్న విద్యార్థులు, పాఠాలు చెప్పి కన్నుమూసిన ఉపాధ్యాయులు, భూమి ఇచ్చిన దాతలు, అందరి జ్ఞాపకం ఆ గుర్తుల మరుగున ఉండిపోతుంది.

ముద్ఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతాలలో ఈ నష్టం మరింత బరువైనది. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుల ఆనవాళ్ళు ప్రభుత్వ దఫ్తరాలలో కంటె బడి సంచికలలో, సంఘాల కరపత్రాలలో, వార్షిక నివేదికలలోనే ఎక్కువగా నిలుస్తాయి. వాటికి రెండవ ప్రతి మరొకచోట ఉండదు.

చేయవలసినది కష్టసాధ్యమేమీ కాదు. పాత ఫైళ్ళు ఎవరి వద్ద ఉన్నా వెంటనే సేకరించాలి. వాటిని తెరవగల పాత కంప్యూటరు, పాత ఫాంట్లు ఎక్కడ మిగిలి ఉన్నా పారవేయక ఉంచాలి. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, తెలుగు బాగా తెలిసినవారు అచ్చుప్రతితో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. యంత్రం చేసిన మార్పిడికి మనిషి కన్ను తప్పనిసరి. ఆపై పేర్లకు, ఊళ్ళకు, విషయాలకు అకారాది సూచిక తయారు చేయాలి. ఇన్‌డిజైన్ వంటి సాధనాలలో గుర్తులు నాటితే పుటలు మారినా సూచిక చెదరదు. సున్న ఎక్కడ చేర్చాలో, క్ష ఎక్కడ వెదకాలో, ళ, ఱలను యూనికోడ్ వరుస ప్రకారం ల, రల పక్కన ఉంచాలో వర్ణమాల ప్రకారం చివర ఉంచాలో ముందుగా నిర్ణయించుకొని, ఆ నిర్ణయాన్ని సూచిక మొదట ఒక వాక్యంలో తెలపాలి. తయారైన ప్రతులను ఒకచోట కాక రెండు మూడు గ్రంథాలయాలలో భద్రపరచాలి.

పై తరగతుల విద్యార్థులు చక్కగా నేర్చి నిర్వహించగల పని ఇది. ఒక్క సంచికకు సూచిక కూర్చిన విద్యార్థికి వర్ణమాల, నిఘంటువు, కంప్యూటరు, తన ఊరి చరిత్ర నాలుగూ ఒక్కసారే పట్టుబడతాయి. కొమర్రాజువారి తరం చీటీల మీద ఆరంభించిన పనికి నేటి తరం వద్ద సాధనాలు సమృద్ధిగా ఉన్నాయి. నూరవ సంవత్సరపు సంచికను తెరచినవారు తమ తాతగారి పేరును సూచికలో వెదకి, పుట తిప్పి చదువుకోగలిగితే ఈ శ్రమ సార్థకమైనట్లే.